సైకస్‌ను ఏడాదంతా వదిలేయండి, ఆ మూడు వారాలు తప్ప

సైకస్ చచ్చిపోయిందని మా నర్సరీకి వచ్చి చెప్పేవాళ్ళలో నీళ్ళు పోయడం మర్చిపోయినవాళ్ళు దాదాపు ఉండరు. అందరూ పొద్దున్నా సాయంత్రమూ పోసినవాళ్ళే. "ఏం తక్కువ చేశామమ్మా, ఎరువు వేశాం, నీళ్ళు పోశాం, ఆకులు కూడా తుడిచాం" అంటారు. కుండీ బోర్లించి చూస్తే అడుగున మట్టి చేతికి అంటుకుపోయి కంపు కొడుతూ ఉంటుంది. వేళ్ళు నల్లబడి, పట్టి లాగితే పైతోలు ఊడి చేతిలోకి వచ్చేస్తుంది.

మాది విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే దారిలో చిన్న నర్సరీ. మా మామగారి రోజుల్లో కొబ్బరి మొక్కలు, మామిడి అంట్లు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు కొత్తిల్లు కట్టినవాళ్ళంతా గేటుకు అటొకటి ఇటొకటి పెట్టడానికి సైకస్ జత కావాలంటున్నారు. ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే మేలనిపించింది. చెప్పేదంతా కలిపితే ఒక్క ముక్క: ఈ మొక్క ఏడాదిలో చాలా భాగం మీరు పట్టించుకోకపోయినా బతుకుతుంది. కొత్త ఆకులు విచ్చుకునే మూడు వారాలు మాత్రం రోజూ దాని దగ్గర నిలబడాలి. మనవాళ్ళు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు.

ఏ మొక్క, ఎక్కడి మొక్క

గేట్ల దగ్గర కనిపించేది ఎక్కువగా సైకస్ రివొల్యూటా. సొంత నేల జపాన్ దక్షిణ దీవులు. సాగో పామ్ అని అందరూ పిలిచినా తాటికీ కొబ్బరికీ దీనికి చుట్టరికం లేదు. దీనికి పువ్వులు పూయవు, పొలుసుల గుత్తుల్లాంటి కోన్‌లు వస్తాయి. ఆ లెక్కన పైన్ చెట్ల వైపు మనిషి. డైనోసార్ల కంటే ముందే భూమ్మీదికి వచ్చిన వంశం, ఇప్పటికీ 370కి పైగా జాతులు మిగిలి ఉన్నాయి.

సముద్రం పక్కన ఇల్లున్నవాళ్ళకు, అంటే సోంపేట, కవిటి, భోగాపురం వైపు వాళ్ళకు, నేను జామియా తీసుకెళ్ళమంటాను. ఇదీ సైకస్ బంధువే, మెక్సికో మొక్క. మట్ట పొట్టి, ఆకు మందం, ఉప్పుగాలికి సైకస్ కంటే బాగా ఆగుతుంది. చూపుకు సైకస్ అంత గొప్పగా ఉండదని కొందరు మొహం ముడుస్తారు. రెండేళ్ళు పోయాక పచ్చగా నిలిచేది ఏదో చూసుకుంటే సరిపోతుంది.

మన తూర్పు కనుమల్లోనూ సహజంగా పెరిగే సైకస్‌లు ఉన్నాయి. ఒడిశా వైపు కొండల్లో స్ఫెరికా అనే జాతి ఉంది, దానికి ఆ పేరు పెట్టింది రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త. తిరుపతి, కడప కొండల్లో పెరిగే పేరీత ఇంకో జాతి. శాస్త్రం పేరు సైకస్ బెడ్డోమీ. అది ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పేరు పెట్టి మరీ రక్షించిన మొక్కల్లో అదొకటి, అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైటిస్ ఒప్పందంలో కూడా అన్నిటికంటే కట్టుదిట్టమైన మొదటి జాబితాలో ఉంది. ఎప్పుడైనా ఎవరో ఒకరు కొండ మీద తవ్విన బోదెను గోనె సంచిలో చుట్టి బైక్ మీద తెస్తారు. "చవగ్గా ఇస్తానమ్మా" అంటారు. నేను తీసుకోను, మీరూ తీసుకోకండి. చట్టం సంగతి అటుంచినా, వేళ్ళన్నీ నరికి తెచ్చిన ముసలి బోదె మీ పెరట్లో బతకడం కష్టం. అక్కడ కొండ మీద ఎన్నేళ్ళుగానో ఉన్న మొక్క ఇక్కడ మీ కుండీలో కుళ్ళిపోతుంది.

కొనేటప్పుడు

ఆకులు చూసి ముచ్చటపడకండి, ముందు బోదె చూడండి. బొటనవేలితో కింద, నడుమ, పైన మొవ్వు పక్కన గట్టిగా నొక్కండి. ఎక్కడా వేలు లోపలికి దిగకూడదు. బోదె రాయిగా ఉంటే ఆకులు ఒక్కటీ లేకపోయినా ఆ మొక్క కొనొచ్చు. బోదె మెత్తగా ఉంటే ఎంత పచ్చటి ఆకులున్నా వదిలేయండి. తర్వాత మట్ట తిరగేసి అడుగు చూడండి. తెల్ల పొక్కులు కనిపిస్తే ఆ వరసలో ఏ మొక్కా తీసుకోవద్దు, నా దగ్గరైనా సరే.

లేత ఆకులు విచ్చుకుంటున్న మొక్కను మాత్రం నేను అమ్మను. "నెల ఆగి రండి బాబూ" అని పంపేస్తాను. లేత మట్ట ఆటోలో ఒకసారి వంగిందంటే మళ్ళీ నిలబడదు. ఆ వంకర మట్ట రెండేళ్ళ పాటు మీ గేటు దగ్గరే ఉంటుంది.

మా జిల్లాలో అమ్మే సైకస్‌లు చాలావరకు కడియం నుంచి లారీ ఎక్కి వస్తాయి. బరువు తక్కువ ఉండాలని కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, షేడ్‌నెట్ కింద పెంచినవి ఉంటాయి. కోకోపీట్ తడిని పట్టుకుని వదలదు, మన వానాకాలంలో అదే కొంపముంచుతుంది. ఇంటికి తెచ్చిన కొద్ది రోజుల్లోనే దాన్ని సాధ్యమైనంత దులిపేసి మన మట్టిలోకి మార్చండి. నీడలో పెరిగిన ఆకును ఒక్కసారిగా ఎండలో పెడితే తెల్లగా మాడుతుంది. మొదటి వారం పొద్దుటి ఎండ చాలు. రెండో వారం మధ్యాహ్నం దాకా, ఆ తర్వాత పూర్తి ఎండ. మేలో కొన్నవాళ్ళు ఇంకొంచెం నెమ్మదిగా మార్చుకోవాలి.

మట్టి, నాటడం

ఈ మొక్క ఏ నేలతోనైనా సర్దుకుంటుంది, నీరు నిలిచే నేలతో తప్ప. నాటాలనుకున్న చోట మోకాలి లోతు గుంత తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. ఈ రెండోసారి పోసిన నీళ్ళు గంటా రెండు గంటల్లో దిగిపోతే నిక్షేపంగా నాటుకోవచ్చు. మర్నాడు పొద్దున్న కూడా నీళ్ళు కనిపిస్తే అక్కడ గుంతలో నాటకూడదు. విజయనగరం చుట్టూ ఎర్ర ఇసుక నేలల్లో ఈ ఇబ్బంది తక్కువ. నాగావళి, వంశధార కాలువల కింద వరి పండే బంక నేలల్లో, పాత మడి పూడ్చి వేసిన లేఅవుట్లలో మాత్రం అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. దిబ్బ చుట్టూ రాళ్ళు పేర్చుకుంటే చూడ్డానికీ బాగుంటుంది.

నేను కలిపే మట్టి ఇది: ముతక ఇసుక రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) ఒక పాలు, పైన రెండు గుప్పెళ్ళ వేపపిండి. ఇసుక చంపావతిదైనా నాగావళిదైనా ముతకదే కావాలి. ప్లాస్టరింగ్‌కి జల్లించిన సన్న ఇసుక గట్టిపడిపోతుంది. సముద్రపు ఇసుక అసలు వద్దు. గెత్తం పచ్చిగా ఉంటే వేళ్ళు మాడతాయి. చేత్తో పిసికితే పొడిపొడిగా రాలాలి, వాసన ఉండకూడదు.

లోతు విషయంలో ఒక్కటే కొలత: బోదె సగమైనా నేల పైన కనబడాలి. గాలికి ఊగుతుందని కొందరు మొవ్వు దాకా పూడుస్తారు. మొవ్వులోకి మట్టి జారి, దాని మీద వాన పడి, లోపలి నుంచి కుళ్ళు మొదలవుతుంది. ఊగితే పక్కన రెండు కర్రలు పాతి గుడ్డపీలికతో కట్టండి, నాలుగైదు నెలల్లో వేళ్ళు పట్టుకుంటాయి.

కుండీ అయితే బోదె చుట్టూ రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉంటే చాలు. "పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుంది కదక్కా" అని అడుగుతారు. పెరగదు. వేళ్ళు తాగలేనంత తడి ఆ మట్టిలో మిగిలిపోతుంది. మూడు నాలుగేళ్ళకోసారి ఒక సైజు పెద్దదానికి మార్చండి. ఇది కుండీలో ఎంతకాలమైనా ఉంటుంది. లండన్ దగ్గర క్యూ గార్డెన్స్‌లో ఒక సైకడ్, అంటే ఇదే వంశపు మొక్క, 1775 నుంచి కుండీలోనే బతుకుతోంది.

నీళ్ళు, ఎరువు

కుండీలో రెండు వేళ్ళు మట్టిలోకి దించి చూడండి. పొడిగా తగిలితే అడుగు కన్నాల్లోంచి కారేదాకా పోయండి. చెమ్మ తగిలితే మానేయండి. నేలలో పాతుకున్న మొక్కకు మే ఎండల్లో వారానికోసారి చాలు. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన దేవుడు చూసుకుంటాడు. పైపుతో మొవ్వు మీద కొట్టకండి, మొక్క మొదట్లో పోయండి.

ఎరువు ఏడాదికి రెండుసార్లు: కొత్త ఆకులు రాకముందు మార్చి–ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక ఒకసారి. వర్మీకంపోస్టూ వేపపిండీ కలిపి బోదెకు జానెడు దూరంలో చల్లి, బొరిగతో పైపైన కలపండి. యూరియా అవసరం లేదు. ఈ మొక్క వేళ్ళలో కొన్ని నేల పైకి వచ్చి, చిన్న చిన్న కణుపులుగా గుత్తులు కడతాయి. వాటి లోపల ఒకరకం నాచు కాపురం ఉంటుంది, గాలిలో నత్రజని పట్టి మొక్కకు ఇస్తుంది. ఆ గుత్తులు చూసి ఏదో జబ్బనుకుని కత్తెరతో కోసేసేవాళ్ళు ఎందరో. కోయకండి.

ఆ మూడు వారాలు

అసలు సంగతి ఇక్కడుంది. మా వైపు కొత్త ఆకులు ఎక్కువగా ఎండలు ముదిరి ఒకటి రెండు జల్లులు పడ్డాక, మే నుంచి జూలై లోపల వస్తాయి. కొన్ని దసరా దాటాక ఇంకోసారి వేస్తాయి, కొన్ని ఒక ఏడాది మొత్తానికే మానేస్తాయి. మానేసిందని కంగారు పడొద్దు, బోదె గట్టిగా ఉందో లేదో చూసి వదిలేయండి.

ముందుగా మొవ్వు దగ్గర గోధుమరంగు నూగు ఉబ్బుతుంది. నాలుగైదు రోజుల్లో ఆ నూగును చీల్చుకుని మట్టలన్నీ ఒకేసారి నిటారుగా లేస్తాయి. ఒక్కో మట్టకు రెండు వైపులా ఉండే సన్నటి రెక్కలు అప్పుడు లోపలికి సున్నాలా చుట్టుకుని, లేత నూగుతో ఉంటాయి. వేలితో తాకాలనిపిస్తుంది గానీ తాకకండి, గోరు తగిలిన చోట మచ్చ ఉండిపోతుంది. తర్వాత మట్టలు బయటికి వాలుతూ రెక్కలు విప్పుతాయి, మూడో వారానికి రంగు ముదిరి గట్టిపడతాయి. ఆ గట్టిపడిన రూపమే ఇక. తర్వాత మీరు ఏం చేసినా మట్ట మారదు. అందుకే ఈ మూడు వారాలంటే అంత పట్టింపు.

ఈ రోజుల్లో కుండీని కదపకండి, తిప్పకండి. మట్టలు వెలుతురు వైపు వంగుతాయి. మధ్యలో తిప్పితే సగం అటు, సగం ఇటు మెలిపడతాయి. నూగు ఉబ్బడం మొదలైనప్పుడే, అంటే మట్టలు లేవకముందే, దాన్ని బాగా వెలుతురున్న చోటికి చేర్చుకోండి. నీడలో విచ్చుకుంటే మట్ట బారుగా, పలచగా సాగి కిందికి వేలాడుతుంది. ఎండలో విచ్చుకుంటే పొట్టిగా, బిరుసుగా, గుండ్రంగా నిలుస్తుంది. వరండాలో పెట్టే కుండీని ఈ నెల మాత్రం వాకిట్లో ఉంచండి, గట్టిపడ్డాక వరండాలోకి తెచ్చుకోవచ్చు. నీళ్ళు కూడా ఈ రోజుల్లో క్రమం తప్పకూడదు, మట్టి పూర్తిగా ఎండనివ్వొద్దు.

ఇక శత్రువు. చిటికెన వేలి గోరంత సీతాకోకచిలుక ఒకటుంది. రెక్కల పైవైపు నీలం, కింది వైపు బూడిద రంగు మీద చుక్కలు, వెనక రెక్కకు వెంట్రుకంత తోక, తోక మొదట్లో నారింజ మచ్చ. చైలేడిస్ పాండవ అని దాని పేరు. మన దేశమంతటా ఉంది, సైకస్ లేతాకే దాని పిల్లలకు ముఖ్యమైన తిండి. మట్టలు లేచీ లేవకముందే అది వచ్చి మట్ట లేత రెక్కల మధ్య ఒక్కో గుడ్డు పెట్టి పోతుంది. గుడ్డు ఆవగింజ కంటే చిన్నది, లేత పచ్చ కలిసిన తెలుపు, కంటికి ఆనదు. పిల్ల పురుగు పచ్చగానో ఎర్రటి గీతలతోనో ఉండి, చుట్టుకున్న రెక్కల లోపల దాక్కుంటుంది. మనకు కనిపించేది పురుగు కాదు, చీమలు. ఈ పురుగు ఒంట్లోంచి తియ్యటి నీరు కారుతుంది, దానికోసం చీమలు పురుగును చుట్టుకుని కాపలా కాస్తాయి. కాబట్టి లేత మొవ్వు మీద చీమలు పైకీ కిందికీ తిరుగుతుంటే ఒక రెక్క మెల్లగా విప్పి చూడండి. పురుగు ఉండి తీరుతుంది.

వదిలేస్తే వారం పది రోజుల్లో మట్టకు నడిమి ఈనె మాత్రమే మిగులుతుంది. ఆ ఏడాదికి ఆ మొక్క అందం పోయినట్టే.

నేను చేసేది చెబుతాను. నూగు ఉబ్బిందని కనిపించిన రోజే పాత దోమతెర ముక్క మొవ్వు మీద గొడుగులా పరిచి, చుట్టూ నాలుగు వెదురు పుల్లలు గుచ్చి, తెర మట్టలకు తగలకుండా ఎత్తి కడతాను. అడుగున బోదె దగ్గర ముడి బిగించాలి, లేకపోతే సీతాకోక కిందినుంచి దూరుతుంది. తెర కట్టడం కుదరనివాళ్ళు రోజు విడిచి రోజు సాయంత్రం లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు బాగా గిలకొట్టి, సన్నటి తుంపరగా రెక్కల సందుల్లోకి పోయేలా కొట్టండి. మధ్యాహ్నం ఎండలో వేపనూనె కొడితే లేతాకు మాడుతుంది. పురుగు అప్పటికే పట్టిందనుకోండి, పురుగుమందుల షాపులో బీటీ పొడి అని అడగండి, బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో చేసేది. ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సాయంత్రం పూట కొడితే ఆకు కొరికిన పురుగే చస్తుంది, తేనెటీగల జోలికి పోదు. మొక్కలు ఒకటో రెండో ఉంటే ఇవేవీ అక్కర్లేదు, పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని నిలబడి పుల్లతో ఏరి పారేయండి. మా ఆడపడుచు అలాగే చేస్తుంది, ఆవిడ మొక్కల మీద కొరుకుడు మచ్చ కూడా ఉండదు.

ఆకు గట్టిపడ్డాక ఈ పురుగు దాన్ని కొరకలేదు. ఇక తెర తీసేసి మీ పనులు మీరు చూసుకోండి.

తెల్ల పొక్కులు, పసుపు ఆకులు

మట్ట అడుగున సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తే అవి పొలుసు పురుగులు. కదలవు, రసం పీలుస్తూ ఒకేచోట ఉంటాయి. మరీ పట్టిన మట్టలు కోసి కాల్చేయండి. మిగతావాటిని సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో అడుగునుంచి తుడిచి, పది రోజులకోసారి మూడు విడతలు వేపనూనె కొట్టండి. ఒక చిక్కుంది: పురుగు చచ్చినా పొలుసు ఆకుకే అంటుకుని ఉంటుంది, మందు పనిచెయ్యలేదని మళ్ళీ మళ్ళీ కొడుతుంటారు. గోరుతో గీకి చూడండి. తడి తగిలితే బతికుంది, పొడిగా రాలితే చచ్చింది.

పసుపు రంగు ఏ ఆకులకు వచ్చిందన్నది చూడాలి. అన్నిటికంటే కింది వరస ముసలాకులు పండి ఎండితే అది మామూలే. పాత ఆకులకు అంచులు పసుపై, నడుమ పచ్చగా ఉంటే మెగ్నీషియం తగ్గింది. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఒక గుప్పెడు చుట్టూ చల్లి నీళ్ళు పోయండి. కొత్తగా వచ్చిన ఆకులే పసుపుగా, ముడతలు పడి, కాలినట్టు పుడితే మాంగనీసు తగ్గింది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువున్న చోట ఇది చాలా చూస్తాను. ఇంకో కారణం మనవాళ్ళు మోజుపడి మొక్క మొదట్లో పరిచే తెల్ల పాలరాయి ముక్కలు. అవి సున్నపు జాతి, వానకు కొద్దికొద్దిగా కరిగి మట్టిని క్షారం చేస్తాయి. వాటిని తీసేసి నదీ గులకరాళ్ళు వేసుకోండి. మాంగనీస్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టి, నేలలో ఉన్న మొక్కకు రెండు చెంచాలు మొదట్లో కూడా వేయండి. ముడుచుకున్న ఆకు బాగుపడదు, వచ్చే ఏడాది ఆకు మాత్రం బాగా వస్తుంది.

పచ్చటి ఆకులు మాత్రం కోయకండి. పెళ్ళి డెకరేషన్‌లకు, సిరిమానోత్సవం రోజుల్లో స్వాగత ద్వారాలకు సైకస్ మట్టలకు గిరాకీ ఉంటుంది. ఎవరో అడిగారని మొహమాటానికి పది మట్టలు కోసిచ్చారంటే మొక్క ఆ లోటు పూడ్చుకోడానికి ఏడాది పడుతుంది. బోదె నున్నగా కనబడాలని కింది వరసలన్నీ చెక్కేయడం కూడా అలాంటిదే. పూర్తిగా ఎండిన మట్టనే మొదటికి కొయ్యండి.

మొవ్వులో ఏదో పుట్టింది

"మధ్యలో ఏదో గడ్డ లేచిందమ్మా, టెన్షన్‌గా ఉంది" అని ఫోటోలు చూపించేవాళ్ళు ఉంటారు. జబ్బేం కాదు, మొక్క ఈడుకొచ్చింది. సైకస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. నాటిన చాలా ఏళ్ళకు, ఒక్కోసారి పది పదిహేనేళ్ళు దాటాక గానీ ఏది ఏదో తెలియదు. మగదైతే మూరెడు పొడవున పసుపు కోన్ నిలువుగా లేస్తుంది, కొంచెం ఘాటు వాసన కూడా. ఆడదైతే గోధుమరంగు నూగుతో గుండ్రంగా, వెడల్పుగా విచ్చుకుంటుంది. ఆ ఏడాది ఆకులు రాకపోవచ్చు. మగ కోన్ పుప్పొడి రాల్చి ఎండాక మెలితిప్పి తీసేయండి.

జత కుదరకపోతే వంశం ఎలా ఆగిపోతుందో చెప్పే మొక్క దక్షిణాఫ్రికాలో ఉంది. ఇదే వంశంలోని ఎన్సెఫలార్టోస్ వుడీ అనే జాతిలో 1895లో ఒకే ఒక్క మగ మొక్క దొరికింది. ఆడ మొక్క ఈనాటికీ దొరకలేదు. లోకంలో ఉన్నవన్నీ ఆ ఒక్కదాని పిలకలే.

పిలకలు తీయడం

మన అవసరానికి పిలకలే సులువు. బోదె పక్కన గుండ్రంగా పుట్టిన పిలక నిమ్మకాయ కంటే పెద్దదయ్యాక తీయాలి. అంతకంటే చిన్నవి వేళ్ళు పట్టేలోపు ఎండిపోతాయి. సంక్రాంతి దాటాక, కొత్త ఆకులు రాకముందు, పొడి వాతావరణం ఉన్నప్పుడు తీయడం మంచిది. చుట్టూ మట్టి తీసి, పిలక తల్లికి అంటుకున్న మెడ కనిపించేదాకా గోకండి. పదునైన ఉలిగానీ కత్తిగానీ ఒక్క దెబ్బకు దిగాలి, నలగకూడదు. తల్లికి, పిలకకు రెండు గాట్లకూ బొగ్గుపొడిలో కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు కలిపి అద్దండి. పిలక ఆకులన్నీ కోసేసి, నీడలో గోనె మీద వారం ఆరబెట్టండి. గాటు మీద పొర గట్టిపడ్డాకే ముతక ఇసుకలో సగం దాకా పాతండి. నీళ్ళు చాలా తక్కువ.

తర్వాత మీ ఓపిక. నాలుగు నుంచి ఎనిమిది నెలలు ఏమీ కనిపించదు. వేళ్ళొచ్చాయా లేదా అని పీకి చూడకండి, పీకినప్పుడల్లా కొత్త వేరు తెగుతుంది. మొదటి ఆకు వచ్చిందంటే కింద వేరు ఉన్నట్టు.

పిల్లలు, కుక్కలు, పశువులు

ఈ మొక్క అంతా విషమే, గింజలు మరీ. సైకాసిన్ అనే పదార్థం లివర్‌ను దెబ్బతీస్తుంది. ఆడ మొక్కకు ఎర్రగా, అందంగా గింజలు వస్తాయి, పిల్లలు ఆడుకోడానికి ఏరతారు. ఇంట్లో చిన్నపిల్లలో కుక్కో ఉంటే గింజలు రాకముందే ఆ గుత్తి తీసేయండి, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. కుక్క గింజ నమిలితే వాంతులు, తర్వాత కళ్ళు పచ్చబడటం. విరుగుడు మందంటూ లేదు, లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా నమిలిన గింజ కూడా పట్టుకుని వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పిల్లలైతే అదే తొందరతో ఆసుపత్రికి. కోసిన మట్టలు రోడ్డు మీద పారేయకండి, ఆవులు నోరు పెడతాయి. తింటే వెనక కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. ఎండబెట్టి కాల్చడమో పాతిపెట్టడమో చెయ్యండి.

తుఫాను రోజుల్లో

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. మనకు అక్టోబరంటే సగం గుండె దడ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. సైకస్ పొట్టిది, బోదె బరువు, గాలికి పడటం అరుదు. దీనికి ప్రమాదం గాలి తర్వాత వచ్చే నీళ్ళతోనూ ఉప్పుతోనూ. తుఫాను హెచ్చరిక రాగానే మట్టలన్నీ పైకెత్తి గోనె పీచుతో వదులుగా కట్టండి, కుండీలను గోడ వారకు చేర్చి పళ్ళేలు తీసేయండి. గాలి ఆగిన మర్నాడే కట్టు విప్పి, సముద్రం దగ్గరివాళ్ళు మంచినీళ్ళతో ఆకులు కడిగేయండి. మొక్క మొదట్లో నీళ్ళు నిలిస్తే కాలువ తీసి వదిలేయండి. మొవ్వులో చెత్త, ఆకుముక్కలు ఇరుక్కుంటే చేత్తో తీసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి ఒకసారి పోయండి. ఆకులన్నీ చిరిగిపోయినా తొందరపడి పీకేయకండి. బోదె గట్టిగా ఉంటే వచ్చే మే నెల దాకా చూడండి, ఈలోపు నీళ్ళు పొయ్యక్కర్లేదు.